హెల్మెట్‌లో హారన్

నకరికల్లు దాటాక ఆమె స్కూటీ వేగం పెంచింది. పదకొండింటికి నరసరావుపేట కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఉన్నట్టుండి హెల్మెట్‌లో భర్త గొంతు పలికింది.

"ఎక్కడిదాకా పోతావే?"

"ఫోన్ ఇంట్లోనే పడేసొచ్చా. నీ మాట నాకెట్టా వినబడతంది?"

"ఎత్తిపోతల పోయేటప్పుడు బండ్ల మీద మాట్లాడుకోటానికని మైకులున్న జత హెల్మెట్లు కొన్నాం గదా, అందులోదే నువ్వు పెట్టుకుంది. వీటికి ఫోన్ అక్కర్లా. అర కిలోమీటరు లోపుంటే చాలు."

"ఎవరూ గుర్తుపట్టకూడదని పెట్టుకున్నా."

"చానా తెలివి! మా అన్న జైలుకి పోతే నీకేం ఒరుగుద్ది? ఆపు."

"మీ అన్న ఆ మనిషిని నరకటం కళ్లారా చూశానయ్యా. ఆపను."

"వెనక నేనున్నా."

"ఏందీ బెదిరింపు? అద్దంలో చూస్తానే ఉన్నా. నీ బండి లేదు. మిర్చి బస్తాల లారీ ఒక్కటే వస్తంది."

అంతలో లారీ హారన్ కొట్టింది. రోడ్డు మీద వినిపించిన దానికంటే గట్టిగా ఆ హారన్ ఆమె హెల్మెట్‌లో మోగింది.

"నువ్వు... ఆ లారీలో ఉన్నావా?"

"నేనే తోలతన్నా. ఇంకొక్కసారి అడుగుతా. ఆపుతావా?"