ఆయన కంటే ముందు చదివినవారు

శక్తినగర్ థర్మల్ కాలనీ లైబ్రరీ. పాత పుస్తకాల బీరువా ముందు, లైబ్రరీ చూసుకునే పెద్దాయన, చిన్నప్పుడు ఆ కాలనీలోనే పెరిగి చాలా ఏళ్ళకు వచ్చిన ఒకావిడ.

"బాబాయ్ గారూ, ఆ దయ్యాల కథల రచయిత ఇక్కడే పనిచేశారటగా? ఏ పాత రచయితల్ని చదివి అలా రాయడం నేర్చుకున్నారో, వాళ్ళ పుస్తకాలు కావాలి."

"అవునమ్మా, ప్లాంటుల ఆపరేటర్ ఉండె. పుస్తకం ఎనక కార్డు చూడు. ఎవరెవరు తీస్కపోయిన్రో అన్ని పేర్లుంటయి."

"ఇదిగో ఆయన సంతకం! ఇందులోనూ ఉంది. అసలీ రచయితల పేర్లే నేనెప్పుడూ వినలేదు."

"ఆయనకు గూడ తెల్వకుండె. కార్డుల ఆయన పేరుకు పైన చూడు."

"నాగేంద్రమ్మ... అన్నిట్లోనూ ఈ పేరే. బాబాయ్ గారూ, ఈవిడ మా అమ్మ!"

"అట్లనా! ఆమె తనకు నచ్చిన కథ కాడ చీటీ పెట్టి వాపస్ ఇస్తుండె. చీటీలున్న పుస్తకాలే ఆయన అడిగి తీస్కపోతుండె."

"మా అమ్మా? నా చేతిలో దయ్యాల పుస్తకం కనిపిస్తే లాక్కునేది. పోయేదాకా ఒక్క కథ కూడా చెప్పలేదు."

"ఈ పుస్తకంల ఒక చీటీ ఇంకా ఉన్నది. చదువు."

"'ఒంటరిగా ఉన్నప్పుడు ఇది చదవకండి. మావారు డ్యూటీకి వెళ్ళాక చదివి, భయమేసి, నిద్రపోతున్న పాపను లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.'"

"ఏమైందమ్మా?"

"ఆ పాప నేనే, బాబాయ్ గారూ."

"అయితె ఇంటికి తీస్కపోకు. ఈడనే కూసోని చదువు. నేనుంట."