కర్టెన్ రింగూ నక్షత్రమూ

హలో… ఆ, నేనే. పిన్నినే. స్టాఫ్ రూంలో ఉన్నాను, ఈ పీరియడ్ ఖాళీ. చెప్పు…

ఏమిటీ? పదింటికి పీహెచ్‌డీ వైవా పెట్టుకుని ఇప్పుడు వాయిదా అడుగుతావా? ఇరవై నిమిషాలే ఉంది కదే…

ఊఁ… తెలుసమ్మా. ప్రతి సెమినారుకీ ముందు మీ బాబాయ్‌కి ఫోనులో ఒప్పజెప్పి వెళ్ళేదానివి. ఆయన పోయాక ఇదే మొదటిది. నాకు తెలియదూ…

అయితే ఈసారి నాకు ఒప్పజెప్పు… నాకు అర్థం కాకపోతేనేం? ఆయన మాత్రం ఏం చదివారని, పోస్టాఫీసు ఉద్యోగం. ఊఁ, మొదలుపెట్టు…

ఆగాగు, అంత పరుగెత్తకు. అయస్కాంత బలం విపరీతంగా ఉన్న నక్షత్రం. అక్కడ వెలుగు ఎలక్ట్రాన్లకి తగిలి చెదురుతుంది. ఇంతవరకూ బాగుంది… మామూలు చోట ఎలక్ట్రాన్ ఎటు ఊపితే అటు ఊగుతుంది. అక్కడ ఊగదు. ఎందుకని?…

ఓహో, అయస్కాంత రేఖకి ఎలక్ట్రాన్, రాడ్డుకి ఎక్కించిన కర్టెన్ రింగులాగానా. ఉండు, ఇక్కడ కిటికీకి ఉంది… ఆ. రాడ్డు వెంట లాగితే జర్రున జారింది. అడ్డంగా లాగితే కదలట్లేదు… ఏం లేదండీ మాస్టారూ, నక్షత్రం… నీతో కాదు. డ్రిల్లు మాస్టారు నన్ను వింతగా చూస్తున్నారు.

సరే. రాడ్డు వెంట ఊపే వెలుగు రింగుల్ని కదిలించి తనూ చెదిరిపోతుంది. అడ్డంగా ఊపేదాన్ని రింగులు పట్టించుకోవు, అది దాదాపు సాఫీగా దాటిపోతుంది. అంతేనా?… ఆ, ఎలక్ట్రాన్ సొంత తిరుగుడుతో లయ కలిస్తే మాత్రం అదీ ఇరుక్కుంటుంది. రాసుకున్నాను.

బొమ్మ కింద ఏం రాశావో చదువు… మళ్ళీ చదువు. ఎర్ర గీత వెలుగు బాగా లోతు నుంచి వస్తుంది… ఎర్ర గీతంటే ఏది?… రాడ్డు వెంట ఊపేదా?

మరి అడుగడుక్కీ రింగులకి తగులుకునేది లోతు నుంచి ఎలా బయటపడిందే?

ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?

రంగులు తారుమారయ్యాయా. ఎప్పుడు మార్చావు?… నిన్ననా. ఎందుకూ…

…ఆ. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేగా. అందుకని ఆయనకి పంపే బొమ్మలన్నీ పసుపూ నీలంతో గీసేదానివి. ఇక అవసరం లేదనుకుని ఎరుపూ ఆకుపచ్చా పెట్టావు…

…లేదు, బాగానే ఉన్నాను.

విను. పాత బొమ్మ ఉందా?… అది పెట్టు. రెండు నిమిషాల పని. ముందు కళ్ళు తుడుచుకో, లేకపోతే మళ్ళీ ఏదో నొక్కుతావు…

పెట్టావా? చదువు… నీలం గీత లోతు నుంచి. నీలమంటే అడ్డంగా ఊపేది. అదీ. పదికి పది… నేను ఎవరికీ వెయ్యను పదికి పది, కావాలంటే నా పిల్లల్ని అడుగు.

వాయిదా సంగతి?… ఊఁ, అలా అను.

పిలుస్తున్నారా? వెళ్ళు… ఈ రంగులేమిటని అడిగితేనా? మీలో ఒకరికైనా ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోవచ్చు అని చెప్పు. అబద్ధం కాదుగా.

…మాట్లాడుతుంటే ఆయన గుర్తొస్తేనా? ఆగి మంచినీళ్ళు తాగు. రెండు నెలలుగా నేను చేస్తున్నదదే, పాఠం మధ్యలో. పిల్లలు ఎండలకి అనుకుంటున్నారు…

సరే సరే, వెళ్ళు. ఫోను నువ్వే ముందు పెట్టె—