రెండో డివిజన్

అవి దొరల ఏలుబడి రోజులు. కలకత్తా జనపనార మిల్లు పనికి పోయి, అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్న తమ్ముడు కర్ర ఊతంతో డుంబ్రిగుడ సంతకొచ్చాడు. చోళ్ల గింజలు అమ్ముతున్న అక్క బేరం వదిలేసి అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కాలికేటైందిరా?"

"ఆకరి ఆటలో ఇరిగిపోనాదప్పా. బూట్లేసుకున్న దొర తన్నీసినాడు. నాకు బూట్లేవి?"

"ఓడిపోనారేటి?"

"గెలిసినాం. రెండో డివిజన్‌లో మా కలబ్బే ఫస్టు."

"అయితే పై డివిజన్‌కి ఎక్కీసినట్టే కదా?"

"ఎక్కనివ్వలేదప్పా. పైన మనోళ్ల కలబ్బులు రెండే ఉండాలని దొరల రూలు. ఆ రెండూ ముందే ఉన్నాయి."

"ఆ రూలు నీకు ముందు తెల్దా?"

"తెలుసు."

"మరెందుకురా, కాలు ఇరగ్గొట్టుకునేదాకా ఆడినావు?"

"ఆడతన్నంతసేపూ అది గురుతు రాదప్పా."

అక్క ఆ కాలిని ఒళ్లోకి తీసుకుంది. సంతలో అందరూ చూస్తున్నా ఏడుపు ఆపుకోలేకపోయింది.