పోశాలు పెట్టిన ఎర్ర పంట

పోశాలని ఒకడుండె. రెండేండ్ల సంది వాని పత్తిచేనంత పచ్చపురుగే తిన్నది. మందు కొట్టి కొట్టి వాడు దగ్గుడు షురూ జేసిండు గని పురుగు మాత్రం దగ్గలే. ఇగ వాని బామ్మర్ది ఎంకటి వచ్చి ఏమన్నడంటె, "బావా, అది మా అక్కకు మా నాయినిచ్చిన చేను. ఈ ఏడు గూడ పురుగుపాలైతె చేను నేను జేస్త, నువ్వొచ్చి నా మేకలు కాయి" అన్నడంట. అందరి ముంగట అన్నడు. పోశాలుకు తలకాయ తీసేసినట్టయింది.

ఇంతల ఏమైందంటె, ఊర్లెకు ఎవుసం సారొచ్చి మైకుల చెప్పవట్టె, పత్తిల ఎర పంట ఎయ్యాలె, బంతి పెట్టుండ్రి అని. మన పోశాలు ఎన్క కూసుండి బీడి ముట్టిచ్చుకుంటుండె. వానికి ఎర అన్నది ఎర్ర అని ఇనవడ్డది. ఎర్ర రంగు జూస్తె ఎద్దు బెదిరినట్టు పురుగు గూడ బెదురుతది గావచ్చు అనుకున్నడు. సారును అడగొచ్చు గద? అడగడు. అడిగితె వాడు పోశాలెట్లయితడు? ఊరూరు తిరిగి ఎర్ర బంతి నారే తెచ్చి, పది సాల్ల పత్తికి ఒక సాలు పెట్టిండు. వాని పెండ్లాం కనకవ్వ, "పసుపు బంతి మన పెరట్లనే ఉన్నది గదయ్యా" అంటె, "నీకేం ఎరుక, నోర్మూసుకో" అన్నడంట.

పువ్వులు పూసినయ్, ఎట్ల పూసినయనుకున్నరు, చేను పెండ్లిపందిరి తీరైంది. అంతల్నే బతుకమ్మ పండుగొచ్చె. ఆడోళ్లు గంపలు పట్టుకొని వచ్చిండ్రు. పోశాలు కట్టె పట్టుకొని గట్టుకు అడ్డం నిలవడ్డడు. ఈ ఎరుపు పోతె పురుగు పత్తి మీద వడ్తది, నేను మేకల ఎంట వోవాలె అని తిట్టిండు, బతిమాలిండు. "బతుకమ్మకు పువ్వియ్యని మొగోన్ని నిన్నే జూసినం" అనుకుంట వాళ్లు వోయిండ్రు. పగటాల్ల వాడు బువ్వ తినపోయిండనుకో, కనకవ్వనే అందర్ని పిల్సి ఒక్క పువ్వు ఇడువకుంట తెంపిచ్చింది. వాడొచ్చి జూసె. గట్టు మీద కూలవడి ఏడ్సిండు నాయినా, నిజంగనే ఏడ్సిండు.

ఏడ్సుకుంట ఇంటికి వోతె, వాకిట్ల ఆడోళ్లు బతుకమ్మ పేర్సుడు ఇడిసిపెట్టి చేతులు దులుపుకుంటున్నరు. ఏ పువ్వు ఇప్పినా పురుగే. "ఏం పువ్వులు పెంచినవయ్యా" అని కనకవ్వ గంప వాని ముంగట బోర్లిచ్చింది. "ఇవి బెదరలేదా?" అన్నడు పోశాలు. చేన్లకు ఉరికి కాయ కాయ తిప్పి జూస్తె పత్తికి ఒక్క తొర్ర లేదు. తెల్లారి సారు కడుపుబ్బ నవ్విండంట. "ఎర్ర గాదు పోశాలూ, ఎర. గాలానికి గుచ్చే ఎర. పురుగు పత్తినిడిసి బంతి మీదికొస్తది, ఆ పువ్వులు తెంపెయ్యాలె. నువ్వు పురుగుకు కావలి గాసినవ్, నీ పెండ్లాం పని జేసింది" అన్నడు.

ఎంకటి వచ్చి, చేను చుట్టు తిరిగి, నీళ్లన్న తాగకుంట ఎల్లిపోయిండు. మరుసటేడు పోశాలే ఇల్లిల్లు తిరిగి, అక్కా, పువ్వులు తెంపుకపోరాండ్రి అని పిల్వవట్టె. పురుగులేరి పువ్వులు ఇంటికి తెచ్చియ్యి, అప్పుడు జూస్తం అన్నరంట వాళ్లు. ఇగ ఇప్పుడు ఊర్ల పత్తి ముచ్చట ఏదున్నా అందరు కనకవ్వనే అడుగుతరు. వాడు పక్కన కూసుండి పురుగులేరుకుంట తలకాయ ఊపుతడు, అంత తనే నేర్పినట్టు.