ముందు జాగ

చర్ల అవతలి గుట్ట మీద పొగమంచు ఇంకా విడలేదు. ఈ చలికాలం ఎక్కాలని బలరాం నిరుడే అనుకున్న గుట్ట అది. అతను చనిపోయాక, అతని స్నేహితులతో కలిసి ఎక్కడానికి భార్య వచ్చింది.

“నువ్వు ముందు నడువు చెల్లె,” అన్నాడు స్నేహితుల్లో పెద్దవాడు.

“వద్దన్నా, అది మా ఆయన జాగ. ఏ గుట్టకు పోయొచ్చినా ‘అందరికన్నా ముందు నేనే’ అని చెప్పేటోడు.”

“అవ్, ముందు బలరామే నడిచేటోడు.”

“గంత గట్టి మనిషికి గుండె ఎట్ల ఆగిందన్నా?”

అతను చూపు తిప్పుకున్నాడు.

“మాకో పద్ధతున్నది చెల్లె. అందర్ల మెల్లగ నడిచేటోళ్లనే ముందు పెడతం. ఎవ్వరూ వెనకబడిపోవద్దని.”

ఆమె గుట్టవైపు చూసింది.

“ఆయాసమొచ్చేదా?”

“నాలుగడుగులేస్తే ఆగేటోడు. ‘ఇంట్ల చెప్పకుర్రి, మళ్ల గుట్టకు పోనియ్యదు’ అనేటోడు.”

“మరి మీరేం చేసిన్రు?”

“ఆగినప్పుడల్లా మేం గూడ ఆగేటోళ్లం.”

ఆమె తను వేసుకున్న భర్త స్వెటర్ చేతులు మణికట్ల దాకా మడుచుకుంది.

“ముందు జాగ ఖాళీగనే ఉంచుర్రన్నా,” అంది చివరికి. “ఆయన నడిచినంత మెల్లగనే పోదాం.”