రెండో పొట్లం జిలేబీ

ఏటడిగినావు? మీ నాన్న ఏటేటా ఎండల్లో ఒచ్చే ఆ అమాసనాడు రెండు పొట్లాల జిలేబీ ఎందుకు తెస్తాడనా? ఇన్నాళ్లకి అడగాలనిపించినాదేటే గుంటా నీకు. సరే, ఆ పోను అలగే పట్టుకో, దగ్గిరగా కూకో. నా గొంతు గట్టిదే గానీ నీ పోను రికార్డింగు మీద నాకు నమ్మకం నేదు.

అది సెప్పాలంటే మాం ఫారినెల్లిన కత సెప్పాల. నవ్వకు. నేపాలు ఫారిన్ కాదేటి? మరి అప్పుడు ఆల్ల రాజు వేరు, ఆల్ల డబ్బులు వేరు. మీ తాతైతే కలకత్తా కాడ లిలువా రైల్వే కోటర్సులో గుమ్మం గుమ్మానికీ ఎల్లి, ఫారినెల్తన్నాం దాదా అని సెప్పొచ్చినాడు. ఎదురింటి బెంగాలీ మాసీ మంకీ టోపీలు మూడిచ్చినాది, సలికి సచ్చిపోతారని. మండుటెండల్లో ఆ టోపీలు మోసుకుని ఎల్లినాం.

అప్పుడు మీ నాన్నకి పదకొండేళ్లు. మీ అత్త ఇంకా పుట్టనేదు... కాదు కాదు, పుట్టినాది, మూడేళ్లది. దాన్ని సిక్కోలు కాడ మా అమ్మ దగ్గిర ముందే దించీసినాం. ఆ యేడు ఎండలు మండిపోతే బళ్లకి ముందుగానే సెలవులిచ్చీసినారు. పొద్దుగూకితే లోడుషెడ్డింగు, విసురుకుని విసురుకుని సెయ్యి నొప్పెట్టీసీది. మీ తాత వర్క్‌షాపులో ఫిట్టరు కదా, యూనియన్ దాదా కాళ్లావేళ్లా పడి నెల్లాళ్లు సెలవు పట్టినాడు.

ఎల్లింది మాయ కాడికి. మాయంటే మన పక్క కోటరులో ఉండే నేపాలీ పిల్ల. దాని మొగుడు వర్క్‌షాపు గేటు కాడ దర్వాను. నన్ను దీదీ అనీది. నాను పెట్టిన ఎండుసేపల పులుసు తినీది, మొహం ముడుసుకుని తినీది గానీ వద్దనీది కాదు, అంత మంచిది. 

మీ నాన్న పుట్టిన మూడో నెల్లో నాకు టైఫాడు ఒచ్చినాది. ఆసుపత్రిలో పడీసినారు, నెలన్నర. అదే రోజుల్లో మాయకి పుట్టిన బిడ్డ పురిట్లోనే పోనాది. ఇక్కడ పాలకేడిసే గుంటడు, అక్కడ పాలు గడ్డకట్టి ఏడిసే తల్లి. ఎవులూ సెప్పకుండానే ఆ పిల్ల ఒచ్చి మీ నాన్నని ఎత్తుకున్నాది. ఆ నెలన్నరా ఆడు బతికినాడంటే దాని పాలే.

ఇప్పుడు సెప్పీది మంచి ముచ్చట కాదు, అయినా సెప్తాను. నాను ఇంటికొచ్చి సేతులు సాపితే మీ నాన్న నా కాడికి రానేదు. మాయ బుజం పట్టుకుని ఏడిసినాడు. నాకు ఒళ్లు మండిపోనాది. బిడ్డని లాక్కుని, కొన్నాళ్లు మా వాకిట్లోకి రాకు మాయా అనీసినాను. సరే దీదీ అని ఎల్లిపోనాది. గోడవతల కూకుని పాలు పిండి పారబోసుకున్నాదని తరవాత మీ తాత సెప్పినాడు. నాను ఇని నా పని సూసుకున్నాను. మళ్లీ కలిసినాం, నవ్వుకున్నాం, ఒకే కుళాయి కాడ నీళ్లు పట్టుకున్నాం, కానీ ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తనేదు. మీ నాన్నకి అసలు తెలీనియ్యనేదు.

ఆడికి నాలుగేళ్లప్పుడు మాయా వోల్లు నౌకరీ వొగ్గీసి ఊరెల్లిపోనారు, పొక్రా అవతల కొండమీదికి. దానికి మళ్లీ పిల్లల్నేరు. ఉత్తరాలొచ్చీవి. ప్రతి ఉత్తరం సివరా ఒకటే మాట, దీదీ, బాబుని ఒకపాలి సూపించు. ఏడేళ్లు సాకులు సెప్పినాను. ఆ యేడు మీ తాత ఇంక ఊరుకోనేదు. సరేనని ఉత్తరం రాయించినాను, ఒస్తన్నాం, గానీ ఆ పాల సంగతి ఆడి ముందు ఎత్తకు అని. సరే దీదీ అనే జవాబొచ్చినాది. సూసినావా, మళ్లీ అదే మాట.

హౌరాలో బండెక్కినాం. మీ తాత రైల్వే మనిషి కదా, పుట్టి బుద్దెరిగి టిక్కెట్టు కొన్నోడు కాదు. పాసుంటే సాలు, కాట్మాండు దాకా ఎల్లిపోతామన్నాడు. మద్దిలో బండి మారి నేపాలు సరిహద్దు కాడ రక్సౌల్లో దిగితే, కాట్మాండు బండి ఏ ప్లాట్‌ఫారం అని అడిగినాడు. కూలీలు నవ్వినారు. అక్కడితో రైలు సరి, అవతల బస్సే. అయినా తగ్గుతాడేటి, బస్సు కండక్టరుకి కూడా పాసు సూపించినాడు. ఆడు అటు తిప్పి ఇటు తిప్పి, బాగుందని సెప్పి ఇచ్చీసినాడు. మీ తాత బస్సు టిక్కెట్టు కొంటన్నప్పుడు ఆ మొహం సూడాల. నాను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినాను.

కాట్మాండులో పశుపతి గుడి సూసినాం, పెద్ద పెద్ద కళ్లు గీసిన బౌద్ధుల గోపురం సూసినాం. గైడు అక్కర్నేదని మీ తాతే అన్నీ సెప్పినాడు, సగం అబద్దాలు. పొక్రాలో సెరువు మీద పడవెక్కినాం. అక్కడో మంచుకొండ ఉన్నాది, సేపతోక లాగుంటాది. మన సముద్రంలో తప్పించుకున్న సేప ఇక్కడ దొరికినాదన్నాడు మీ తాత. నాకు మాత్రం కొండెక్కీ కొద్దీ బయం.

మాయ దారి మద్దిలోకి ఎదురొచ్చినాది. మీ నాన్నని సూసి సేతులు సాపబోయి, నా వేపు సూసి దించీసుకున్నాది. నమస్తే బాబూ అన్నాది. అంతే. ఆడు మాసీ అన్నాడు, పిన్నీ అన్నట్టు.

ఇరవై రోజులున్నాం. ఆడు మాయ ఎనకాలే తిరిగీవోడు, మేకలకి గడ్డి, కట్టెలు, నీళ్లు. నాను అరుగు మీద కూకుని లెక్కగా సూసీదాన్ని, ఎన్ని పాలి దాని సెయ్యి పట్టుకున్నాడోనని. ఇంత వయసొచ్చి సిగ్గు నేకుండా సెప్తన్నాను, అలగే సూసీదాన్ని.

ఒకనాడు తెల్లారి లేసేతలికి ఊరంతా సందడి. పిల్లలు, పెద్దోల్లు, పెళ్లై ఎల్లిపోయిన ఆడపిల్లలు అందరూ మిఠాయిలు, పళ్లు పట్టుకుని ఇళ్లకొస్తన్నారు. ఆ అమాస ఆల్లకి అమ్మ మొహం సూసే రోజంట. ఎక్కడున్నా ఆ రోజొచ్చి తల్లికి తీపి పెట్టి, ఎదురుగా కూకుని మొహం సూడాల. మాయ మాత్రం నుదుటి మీంచి పట్టీ తగిలించి ఈపున బుట్టేసుకుని, కొడవలట్టుకుని కొండెక్కిపోనాది. ఇయ్యాల పండగ కదా అని దాని మొగుణ్ని అడిగినాను. ఏటేటా ఇంతే వదినా అన్నాడు. ఇంటి కాడుంటే ఎవులూ రారు కదా, గడ్డికెల్లిపోతే ఆ కాలీ గుమ్మం సూడక్కర్నేదు అన్నాడు.

నాకు గోడవతల పారబోసిన పాలు గుర్తొచ్చినాయి.

ఇంతలో మీ నాన్న లగెత్తుకొచ్చినాడు. అక్కడి పిల్లల్ని సూసి ఆడూ కింద దుకాణంలో ఆకు పొట్లంలో జిలేబీ తెచ్చినాడు. నా ముందు కూకుని, అమ్మా మొహం సూపించు అన్నాడు. నాను తినలేకపోనాను. అప్పుడు సెప్పీసినాను, ఉన్నదున్నట్టు. నీకు పాలిచ్చి బతికించింది అది, నానేమో దాన్ని తరిమీసినాను అని.

ఆడు మరి నాకెందుకు సెప్పనేదు అన్నాడు. బయమేసినాదిరా అన్నాను. ఏటి బయం అన్నాడు. నువ్వు దానికాడికి ఎల్లిపోతావని అన్నాను. ఆడు నా మొహం అలగే సూసినాడు. ఆ రోజు పండగ నాకు అదేనే గుంటా. లేసి, ఇంకో పొట్లానికి డబ్బులియ్యి అన్నాడు.

పొట్లం తెచ్చుకుని కొండ దారిలో పరిగెట్టినాడు. నాను అరుగు మీద నిలబడి సూస్తన్నాను. మాయ గడ్డి మోపుతో దిగొస్తన్నాది. ఆడు దారికడ్డంగా నిలబడి పొట్లం విప్పినాడు. ఏటన్నాడో నాకినపడనేదు. అది మోపు దించీసి కూలబడిపోనాది. ఆడు జిలేబీ దాని నోటి కాడ పెట్టినాడు, అది నోరు తెరవనేదు. కిందకి, నా వేపు సూసినాది. తినొచ్చా దీదీ అని అడిగినట్టుగా.

నాను గొంతెత్తి అరిసినాను, తిను మాయా, నీ కొడుకే అని. ఊరంతా ఇన్నాది. ఇననీ అనుకున్నాను.

ఇప్పుడు దానికి కళ్లు కనపడవు. మీ నాన్న పోనులో బొమ్మ కనపడేలా పెడతాడు, అక్కడ దాని తోడికోడలు పట్టుకుంటాది. కళ్లు నేపోతే ఏటి, మొహం సూడాల్సింది కొడుకు కదా. ఇన్నేళ్లైనా అది తినీముందు మాత్రం ఒకపాలి ఆగుతాది. దీదీ ఉన్నాదా పక్కన అని అడుగుతాది. తిను మాయా అని నాను అంటేనే నోరు తెరుస్తాది. అక్కడ దానికి ఆ తోడికోడలే తినిపిస్తాది. ఇక్కడ ఆ రెండో పొట్లం దాని తరపున నానే తింటాను, సుగరని మీయమ్మ గొణిగినా సరే.

సాల్లే, ఆపు. రేపే అమాస, మీ నాన్నతో నువ్వూ కూకో. నీ మొహం కూడా దానికి సూపించాల... కనపడదులే, నీ గొంతు ఇనిపించు. మామ్మా అని పిలువు. నీకూ అలగే, అడక్కుండా ఎత్తుకునీవోల్లు దొరకాల తల్లీ. దొరికినప్పుడు నాలాగ గుమ్మం మూసీకు. నూరేళ్లు సల్లగా బతుకు.