ఆరో దుప్పటి

అమెరికాలోని అయోవాలో, ఓ చిన్న ఊళ్లో కార్ల పందేలు జరిగే మట్టి ట్రాకు. కొత్త సీజన్లో మొదటి శనివారం పొద్దున్నే, తండ్రీకూతుళ్లు బల్లల మీద తలకొక దుప్పటి పరిచి ఇంటిల్లిపాదికీ చోటు పట్టుకుంటున్నారు. నాన్నకు అసలు సంగతి ఎలా చెప్పాలా అని ఆమె దారంతా మథనపడుతూనే వచ్చింది.

“నాన్నా, ఈసారి పైవరసలో కూర్చుందాం. కింద మలుపులో మట్టిపెళ్లలు మీద పడతాయి.”

“నాలుగేళ్లప్పుడు, మట్టి మీద పడలేదని ఏడ్చి ఇల్లు పీకి పందిరేశావు.”

“అప్పటి సంగతి వేరు.”

“తెలుసులే. అందుకే పైనే పరిచాను, చూడు.”

“మనం అయిదుగురమేగా. ఆరు దుప్పట్లెందుకు?”

“మొన్న బీరొద్దని నిమ్మరసం తాగావు. మీ ఆయనేమో నిన్ను కుర్చీ కూడా ఎత్తనివ్వట్లేదు. నాకు కార్లు తప్ప ఇంకేం కనపడవనుకున్నావా?”

ఆమె ఆరో దుప్పటిని తడిమి చూసింది. చిన్నది, రంగు వెలిసింది. ఒకప్పుడు తనకు కప్పినదే.

“ఇంతకీ ఎప్పుడు?”

ఆమె భయమంతా ఈ ప్రశ్న గురించే.

“అక్టోబరు మొదటి శనివారం.”

“ఆఖరి పోటీ రోజా?”

“డాక్టరమ్మ చెప్పిన తేదీ నాన్నా, నేను పెట్టిన ముహూర్తం కాదు.”

ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“నువ్వు పుట్టిన రోజు మీ అమ్మ నొప్పులు ఓర్చుకుని, పందెం ఆఖరి చుట్టు దాకా ఇక్కడే కూర్చుంది.”

“నా వల్ల కాదు. నొప్పులు మొదలైతే సగంలోనే లేచి ఆసుపత్రికి వెళ్లిపోతాను. ముందే చెప్తున్నా.”

“వెళ్లు తల్లీ, నిశ్చింతగా వెళ్లు. నీ చోట్లో, బిడ్డ చోట్లో ఎవరూ కూర్చోకుండా నేనిక్కడే ఉండి చూసుకుంటాను.”